ల్వార్ తీరమున సోమ్యూరు

ఫ్రాన్సు దేశపు నదులలో ల్వార్ నది మిక్కిలి పొడవైనది. దేశపు దక్షిణభాగమునందలి కొండలలో పుట్టి, కొంతదూరము ఉత్తరముగా పారి, పిమ్మట పడమటికి మరలి, వేయి కిలోమీటర్లు ప్రవహించి అట్లాంటిక్ మహాసముద్రమున కలియుచున్నది. ఈ నదికి ఇసుకతిన్నె లెక్కువ. వేసవిలో పాయలుగా చీలి, నడుమ లంకలను విడిచి మెల్లగా పారును. వరద వచ్చినపుడు ఆ తిన్నెలు కంటికి కానరావు.

పారిస్ నగరమునకు నైరృతిదిశగా సుమారు 300 కిలోమీటర్ల దూరమున, ఈ నది యొడ్డున సోమ్యూరు అను పట్టణము కలదు. అందలి జనసంఖ్య సుమారు 26,000. ఇంత చిన్న యూరి పేరు గుఱ్ఱపుస్వారి నెరిగిన ప్రతివానికిని తెలియును. మతచరిత్ర చదివినవారికిని తెలియును. ఈ రెండు కీర్తులును ఒకే యూరికి ఎట్లు కలిగినవి?

విద్యార్థులారా! ఫ్రెంచివారి మాట వినగానే మీకు యానాము జ్ఞప్తికి రావచ్చును. 1954వ సంవత్సరము వరకు అచ్చట వారి పాలన సాగెను. ఆ ఫ్రెంచివారి స్వదేశమున ఒక పట్టణము ఎన్నిమారులు చితికి ఎన్నిమారులు తేరుకొన్నదో ఈ పాఠమున తెలిసికొందము. సోమ్యూరునకు కోట కలదు, గుడి కలదు, ద్రాక్షతోటలును కలవు. అయినను దాని జాతకము మారినదెల్ల అచ్చట ఒక బడి తెరచినపుడును, ఆ బడి మూసినపుడును మాత్రమే.

మొదట ఆ నేలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. సోమ్యూరు గుట్టలన్నియు 'తూఫో' అను తెల్లని సున్నపురాతితో నిండియున్నవి. ఈ రాయి మెత్తనిది. ఱంపముతో కోయవచ్చును, ఉలితో పువ్వులు చెక్కవచ్చును. ఆ నదీతీరమునందలి పెక్కు రాజభవనములు ఈ రాతితోనే కట్టబడినవి. రాయి తీయగా మిగిలిన గుహలను జనులు వృథాగా విడువలేదు. కొన్నిటిని ఇండ్లుగా చేసికొనిరి. కొన్నిటిలో ద్రాక్షసారాయి పీపాలు దాచిరి. కొన్నిటిలో పుట్టగొడుగులు పెంచిరి. వేసవిలో చల్లగాను, చలికాలమున వెచ్చగాను ఉండుటచేత ఆ గుహలలో పేదలు తరతరములుగా కాపురముండిరి. ఈ గుహల సంగతి ముందు మరల వచ్చును గనుక గుర్తుంచుకొనుడు.

పదవ శతాబ్దిలో సెయింట్ ఫ్లోరాన్ అను మహాత్ముని పేర వెలసిన సన్న్యాసులు, ఉత్తరసముద్రమునుండి వచ్చిన దోపిడిగాండ్రకు వెరచి తిరిగి తిరిగి, తుదకు సోమ్యూరు గుట్టమీద మఠము కట్టుకొనిరి. ఆ మఠము చుట్టును ఊరు పెరిగెను. 1026లో ఆన్జూ ప్రభువైన ఫూల్క్ నెరా అనువాడు సోమ్యూరును పట్టుకొనెను. ఊరు తగులబడెను. సన్న్యాసులు ఆ గుట్టను విడిచి, సమీపమున తువే అను ఉపనది యొడ్డునకు పోయి క్రొత్త మఠము నిర్మించుకొనిరి. గుట్టమీద ప్రభువుల కోట లేచెను. పదునాలుగవ శతాబ్ది చివర ఆన్జూ ప్రభువులు దానిని శిఖరములతో, బురుజులతో సుందరభవనముగా మార్చిరి. బెర్రీ ప్రభువుకొరకు చిత్రకారులు వ్రాసిన ఒక ప్రార్థనాగ్రంథమున, సెప్టెంబరు మాసపు పుటలో, ద్రాక్షపండ్లు కోయు పల్లెజనుల వెనుక ఈ కోటయే నిలిచియున్నది. ఆ చిత్రమువలన ఈ కోటకు లోకప్రసిద్ధి కలిగెను. కోట చరిత్రలో యుద్ధములు, ప్రభువుల పేర్లు పెక్కులు కలవు. వానిని దాటి పోదము.

1454లో సోమ్యూరు శివారున నీటి ఊటచెంత ఒక రైతునకు చిన్న రాతివిగ్రహము దొరకెను. చనిపోయిన ఏసుక్రీస్తును ఒడిలో పెట్టుకొని దుఃఖించు మేరీమాత విగ్రహమది. రైతు దానిని ఇంటికి గొనిపోగా మరునాటి యుదయమున అది మరల ఊటయొద్దనే కనబడెనని అచ్చటివారు చెప్పుకొందురు. బంకమన్ను గల చోటు గనుక ఆ దేవికి 'ఆర్దిల్యే మాత' అను పేరు వచ్చెను. మొదట చిన్న గుడి, పిమ్మట పెద్ద దేవాలయము వెలసెను. పదునేడవ శతాబ్ది చివరకు దానిపై గొప్ప గోపురము పూర్తియయ్యెను. దూరదేశములనుండి యాత్రికులు వచ్చుచుండిరి. యాత్రికులు వచ్చినచోట అంగళ్లు వెలయుట సహజమే గదా! జపమాలలు చేయుట సోమ్యూరున పెద్ద పరిశ్రమయై అనేక కుటుంబములకు అన్నము పెట్టెను.

ఇక మొదటి బడి కథ. పదునారవ శతాబ్దిలో క్రైస్తవమతము రెండుగా చీలెను. పోపు అధికారమును మన్నించువారు కేథలిక్కులు. దానిని నిరాకరించి సంస్కరణము కోరినవారు ప్రొటెస్టెంట్లు. ఫ్రాన్సులో ఈ రెండవ వారిని హ్యూగెనాట్లనిరి. ఇరువాగులవారును ముప్పది యేండ్లకు పైగా ఒకరి నొకరు చంపుకొనిరి. 1572లో పారిస్ నగరమున హ్యూగెనాట్ల ఊచకోత జరిగినపుడు తప్పించుకొని ఇంగ్లండు చేరిన యువకులలో ఫిలిప్ దు ప్లెస్సీ మోర్నే ఒకడు. కత్తి పట్టుటయందును, కలము పట్టుటయందును సమానముగా నేర్పరి. 1589లో అతడు సోమ్యూరునకు గవర్నరుగా నియమింపబడెను.

మోర్నే మొదట కోటచుట్టును బురుజులు కట్టించెను. అంతటితో నిలిచియుండినచో అతడును వందలాది సేనానులలో ఒకడై యుండును. కాని అతడు తన మతమువారికి అచ్చట ఒక విద్యాపీఠమును స్థాపింప సంకల్పించి 1593లో రాజుగారి అనుమతి సంపాదించెను. 1598లో నాల్గవ హెన్రీ రాజు 'నాంత్ శాసనము' వెలువరించి హ్యూగెనాట్లకు మతస్వాతంత్ర్యము నొసగెను. ఆ శాసనపు నీడలో సోమ్యూరు విద్యాపీఠము సుమారు ఎనుబది యేండ్లు వర్ధిల్లెను.

హాలండు, జర్మనీ, ఇంగ్లండు, స్కాట్లండు దేశములనుండి విద్యార్థులు వచ్చి ఊరివారి ఇండ్లలో బస చేసి చదువుకొనుచుండిరి. తర్కము, గ్రీకు, హీబ్రూ, మతశాస్త్రము పఠించుటయే కాక, ప్రభువుల బిడ్డలు గుఱ్ఱపుస్వారియు కత్తిసామును అచ్చట అభ్యసించుచుండిరి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమును స్థాపించిన విలియం పెన్ తన పడుచువయస్సున ఈ విద్యాపీఠముననే చదివెను.

అచ్చటి గురువుల ధైర్యమునకు ఒక్క నిదర్శనము చాలును. హీబ్రూ లిపిలో హల్లులు మాత్రమే ప్రధానాక్షరములు. అచ్చులను తెలుపుటకు చిన్న చుక్కలు, గీతలు ఉంచుదురు. మన గుణింతపు గుర్తుల వంటివి అనుకొనుడు. బైబిలునందలి ఆ చుక్కలు కూడ మొదటినుండి ఉన్నవని, అవి దేవదత్తములని ప్రొటెస్టెంటు పండితులు పలువురు నమ్ముచుండిరి. సోమ్యూరున హీబ్రూ బోధించిన లూయీ కాపెల్ ఆ విషయమును అక్షరమక్షరము పరిశీలించి, ఆ చుక్కలు క్రీస్తు తరువాత కొన్ని శతాబ్దులకు పండితులు చేర్చినవే యని 1624లో గ్రంథము ప్రకటించెను. తన పక్షము వారే ఆగ్రహించిరి. అయినను అతడు కనుగొన్నది సత్యమని నేటి పండితులందరును అంగీకరించిరి. మరియొక గురువు మోయీజ్ అమీరో. దేవుని కృప కొందరికే కాదు, సర్వజనులకును ఉద్దేశింపబడినదని బోధించినందుకు 1637లో మతసభ అతనిని విచారించెను. తుదకు నిర్దోషి యని విడిచెను.

ఒకవైపు ఆర్దిల్యే గుడిలో కేథలిక్కు గురువుల పాఠశాల, మరియొకవైపు హ్యూగెనాట్ల విద్యాపీఠము. ఊరు చిన్నది, రెండు బడులును కొలది దూరముననే కలవు. వాదములు జరిగెను గాని అవి గ్రంథములతో జరిగెను. ఆ కాలపు యూరపున ఇది సామాన్యవిషయము కాదు. ఆ ఊరి గురువులలో తానగీ లెఫెవ్రు అనునతడు తన కుమార్తెకు కూడ గ్రీకు, లాటిను నేర్పెను. ఆమెయే పిమ్మట మదాం దాసియే యను పేర ప్రసిద్ధురాలై, హోమరు మహాకవి రచించిన రెండు మహాకావ్యములను ఫ్రెంచి గద్యమున అనువదించెను. బాలికలకు చదువేల యని పలువురు ప్రశ్నించు కాలమున జరిగిన సంగతి యిది.

మోర్నే యొక్క తుదిదినములు సుఖముగా గడువలేదు. 1621లో పదుమూడవ లూయీ రాజు సోమ్యూరునకు వచ్చి కోటను తన వశము చేసికొని, మరల అతని కప్పగింపలేదు. వృద్ధుడైన గవర్నరు పదవి కోల్పోయి 1623లో మరణించెను. విద్యాపీఠము మాత్రము నిలిచెను. దానిని మూసినవాడు ఆ రాజు కుమారుడగు పదునాల్గవ లూయీ. ఒక్క రాజ్యమున ఒక్క మతమే ఉండవలెనని అతని పట్టుదల. 1685 జనవరిలో విద్యాపీఠము మూతపడెను. ఆ యేడు అక్టోబరులో నాంత్ శాసనమే రద్దయ్యెను. దేశమంతటను హ్యూగెనాట్లు మతము మార్చుకొనవలసి వచ్చెను. లేదా రహస్యముగా దేశము విడిచి పోవలసి వచ్చెను. సోమ్యూరునందలి గురువులు, ముద్రాపకులు, పుస్తకముల వర్తకులు, చేతిపనివారు చెల్లాచెదరైరి. విద్యార్థులతో కళకళలాడిన ఇండ్లు బోసిపోయినవి. రాజునకు ఒక సంతకము. ఊరికి ఒక తరము బ్రదుకు.

ఆ చితికిన కాలముననే ఒక స్త్రీ ఆ యూరి పేదలను ఆదుకొనెను. ఆమె పేరు జాన్ దెలనూ. ఆమె 1666లో జన్మించెను. ఆర్దిల్యే గుడిచెంత యాత్రికులకు జపమాలలు మొదలగునవి అమ్ముకొను అంగడి వారిది. తల్లి మరణానంతరము అంగడి ఆమె చేతికి వచ్చెను. యౌవనమున ఆమె మిక్కిలి లోభి యని పేరు పొందెను. 1693లో పరప్రాంతమునుండి వచ్చిన ఒక పేద యాత్రికురాలి మాటలు విని ఆమె మనస్సు మారెను. అంగడి మూసివేసి, ముందు చెప్పిన రాతిగుహలలో వసించు అనాథలను, రోగులను వెదకికొనుచు పోయెను. తన ఇంటిని వారికి నివాసముగా చేసెను. 1709లో ఫ్రాన్సునందు ఘోరమైన చలియు, దానితో క్షామమును వచ్చినపుడు ఆమె గృహము పేదలతో నిండిపోయెను. ఆమె స్థాపించిన సన్న్యాసినుల సంఘము నేటికిని కలదు. 1982లో పోపు ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించెను. బాల్జాక్ అను ప్రసిద్ధ నవలాకారుడు 1833లో ప్రకటించిన 'యూజెనీ గ్రాందే' నవలకు సోమ్యూరే రంగస్థలము. అందలి పీపాల వ్యాపారి గ్రాందే పరమలోభి. కల్పితుడైన ఆ లోభి పేరు లోకమునకు తెలిసినంతగా, లోభము విడిచిన ఈ నిజమైన స్త్రీ పేరు తెలియకపోవుట విచిత్రము.

రెండవ బడి గుఱ్ఱములతో వచ్చినది. ఏడేండ్ల యుద్ధమున ఫ్రాన్సు చిత్తుగా ఓడిపోయెను. 1763లో సంధి కుదిరినపిదప, మంత్రియైన ష్వాజెల్ ప్రభువు అశ్వదళమును చక్కదిద్ద సంకల్పించెను. రౌతులకు ఒక్కొక్క దళమున ఒక్కొక్క తీరున శిక్షణ జరుగుచుండుట ఓటమికి కారణములలో ఒకటిగా తోచెను. ఆ యేడే కారబినియే లను ప్రత్యేక అశ్వదళమును సోమ్యూరున నిలిపిరి. వారికై విశాలమైన భవనము, స్వారిశాలలు కట్టిరి. నదీతీరమున చదునైన బయలు, గడ్డి, నీరు సమృద్ధిగా నుండుట అశ్వశిక్షణకు అనుకూలించెను. కమ్మరులు, జీను కుట్టువారు, లాడములు కొట్టువారు వచ్చి చేరిరి. ఊరు మరల కళకట్టెను.

1788లో ఆ దళము వెడలిపోయెను. మరునాటి యేడు విప్లవము వచ్చెను. పిమ్మట నెపోలియన్ యుద్ధములలో లక్షలాది గుఱ్ఱములును, వానిని నడుప నెరిగిన రౌతులును హతమైరి. స్వారివిద్య నేర్పు గురువులే కరవైరి. 1814లో పదునెనిమిదవ లూయీ రాజు సోమ్యూరున అశ్వదళ శిక్షణాలయమును తెరపించెను. ఎనిమిదేండ్లకే దానికి ఆపద మూడెను. 1822లో జనరల్ బెర్తాన్ రాజుపై కుట్ర పన్ని సోమ్యూరును పట్టుకొన యత్నించి విఫలుడయ్యెను. అతనికి మరణదండన విధించిరి. అనుమానముచే ప్రభుత్వము పాఠశాలను మూసెను. రెండవమారు సోమ్యూరున బడి మూతపడెను. కాని ఈమారు ఊరి అదృష్టము మంచిది. మూడేండ్లు గడచునంతలో, 1825లో, పాఠశాల మరల అచ్చటనే ఆరంభమయ్యెను.

వెర్సాయి రాజభవనపు స్వారిశాలలో తరతరములుగా వచ్చిన విద్య నెరిగిన గురువులను సైనికులకు పాఠము చెప్పుటకు రప్పించిరి. సైనికుల దుస్తులు రంగురంగులవి. ఈ స్వారిగురువులు మాత్రము నల్లని దుస్తులు ధరించుచుండిరి. అందుచే కాలక్రమమున వారికి 'కాద్ర్ న్వార్', అనగా నల్లదుస్తుల గురువుల బృందము, అను పేరు స్థిరపడెను. 1828లో బెర్రీ రాణివాసము సోమ్యూరునకు విచ్చేసినపుడు వారు తమ విద్యను బహిరంగముగా ప్రదర్శించిరి.

ఆ విద్య యెట్టిది? మన అమరకోశమున గుఱ్ఱపు నడకలకు 'ధారలు' అని పేరు పెట్టి ఐదింటిని చెప్పిరి. కాద్ర్ న్వార్ వారు నడక, దౌడులతో తృప్తినొందక, గుఱ్ఱమునకు మూడు దుముకులు నేర్పుదురు. కూర్బెత్ అనునది, ముందుకాళ్లు మడచి పైకెత్తి వెనుకకాళ్లపై నిలుచుట. క్రూపాద్ అనునది, ముందుకాళ్లు నేలపై ఆన్చి వెనుకకాళ్లను గాలిలోనికి బలముగా చాచుట. కాబ్రియోల్ అనునది, నాలుగు కాళ్లును నేలను విడిచి ఎగిరి, ఆ ఎత్తున వెనుకకాళ్లు చాచుట. ఈ దుముకులయందు రౌతునకు కాళ్లాన్చుకొను రికాబులుండవు. గుఱ్ఱమును బాధించి చేయించినచో ఇవి రావు. ఏండ్ల తరబడి ప్రతిదినమును కొంచెము కొంచెముగా నేర్పవలెను. గుఱ్ఱము అలసినట్లు తోచిన ఆపవలెను. నిదానము లేనివాడు ఈ విద్యకు పనికిరాడు.

పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఈ బడిలోనే పెద్ద వివాదము చెలరేగెను. ఓర్ ప్రభువు, గుఱ్ఱమును దాని సహజవేగమున బయలులో ధైర్యముగా నడుపుటయే స్వారి యనెను. బోషే అను మరియొక ప్రసిద్ధుడు, గుఱ్ఱపు ప్రతి కండరమును వశపరచుకొని శాలలోపల సూక్ష్మముగా నడుపుటయే స్వారి యనెను. ఇరువురకును శిష్యుడైన లోత్ అను అధికారి 1864లో సోమ్యూరున ప్రధానగురువయ్యెను. అతడు సైనికులకు ఓర్ పద్ధతిని నేర్పి, తన సొంతగుఱ్ఱములయెడ బోషే పద్ధతిని సాధించుచుండెను. ఇద్దరు గురువులలో ఒకరిని తిట్టుకొనక ఇద్దరి విద్యను నిలుపుకొన్న శిష్యుడు! ఇట్టివారు అరుదు.

ఇరువదవ శతాబ్దిలో యుద్ధమునకు గుఱ్ఱము వెనుకబడి, ఇనుపకవచముల టాంకులు ముందునకు వచ్చినవి. 1940 మే నెలలో జర్మనుసేనలు ఫ్రాన్సుపై విరుచుకొనిపడెను. జూను 14న పారిస్ వారి వశమయ్యెను. జూను 17న మార్షల్ పెతాన్ యుద్ధము ఆపవలెనని రేడియోలో ప్రజలకు తెలిపెను. అప్పుడు సోమ్యూరు పాఠశాల అధిపతి కర్నల్ మిషోన్. ల్వార్ నదిపై వంతెనలను కాపాడుమని అంతకుముందే అతనికి ఆజ్ఞ యుండెను. పాఠశాలయందలి విద్యార్థులు ఇరువదియేండ్ల ప్రాయమువారు; అధికారుల పదవికి శిక్షణ పొందుచున్నవారు. గురువులు, ఇతర దళములనుండి వచ్చి చేరినవారు కలసి మొత్తము రెండువేలకు కొంచెము మించిరి. వారి చేతులలో నుండినవి ఎక్కువభాగము పాఠములకై ఉంచిన ఆయుధములు. కాపాడవలసిన తీరము సుమారు 40 కిలోమీటర్లు.

పాఠశాల గుఱ్ఱములను ముందే దక్షిణమునకు తరలించిరి. కనుక గుఱ్ఱముల బడి విద్యార్థులు కాలినడకన నిలిచిరి. వారి కెదురుగా వచ్చినది జర్మనుల మొదటి అశ్వసైన్యము. వారికి గుఱ్ఱము లుండెను. జూను 18 రాత్రి పోరు మొదలయ్యెను. శత్రువు లోనికి రాకుండ వంతెనలను పేల్చివేసిరి. నడినదిలోని లంకలలో చిన్నచిన్న జట్లుగా విద్యార్థులు కాచుకొనిరి. ఊరిపై గుండ్లు కురిసెను. ఆర్దిల్యే గుడి గోపురము అగ్నికి ఆహుతియయ్యెను. రెండు దినములు వారు నదిని దాటనీయలేదు. తుదకు శత్రువులు ఊరికి ఎగువను దిగువను నదిని దాటిరి. జూను 20న ప్రతిఘటన ముగిసెను. జర్మను సేనాధిపతి వారి ధైర్యమును మెచ్చి, పట్టుబడిన విద్యార్థులను విడిచిపెట్టించెను. జూను 22న సంధిపత్రముపై సంతకములు జరిగెను.

ఈ పోరాటమువలన యుద్ధఫలితము మారలేదు. చేతులెత్తవలసిన సమయమున పిల్లలను బలిపెట్టిరని అనువారు కలరు; దేశము గౌరవమును ఆ పిల్లలే నిలిపిరని అనువారును కలరు. ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు చదువు చెప్పిన నాకు, ఈ ఘట్టము చదువునపుడు వారి కీర్తికన్న ముందు వారి వయస్సే తోచును. ఆజ్ఞ నిచ్చిన గురువులు మాత్రము శిష్యులను ముందునకు త్రోసి తాము వెనుక నిలువలేదు. వారును ఆ తీరముననే పోరాడిరి. జెన్ గ్రామపు గుట్టమీద, నదికి ఎదురుగా, ఆ విద్యార్థుల సమాధులు కొన్ని కలవు.

యుద్ధానంతరము గుడిగోపురమును మరల కట్టిరి. కోటలో గుఱ్ఱములకు సంబంధించిన జీనులు, కళ్లెములు మొదలగు వస్తువుల ప్రదర్శనశాల కలదు. 2001లో కోట ఉత్తరపు ప్రాకారము కూలి క్రిందికి జారెను. ఆ మెత్తని గుట్టను బలపరచి కోటను చక్కజేయుటకు ఏండ్లు పట్టెను. సైనికపాఠశాల నేడు టాంకుదళములకు శిక్షణ నిచ్చుచున్నది. గుఱ్ఱపువిద్య మాత్రము సైన్యమును విడిచి 1972లో స్థాపింపబడిన జాతీయ అశ్వారోహణ విద్యాలయమును చేరెను. కాద్ర్ న్వార్ గురువులు ఇపుడు అందే బోధింతురు. ఒకనాడు పురుషులకే పరిమితమైన ఆ బృందమున నేడు స్త్రీలును కలరు. 2011లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతుల సంస్థ యగు యునెస్కో, ఫ్రెంచి సంప్రదాయపు స్వారివిద్యను మానవజాతి అమూర్తవారసత్వపు పట్టికలో చేర్చెను.

ఆ విద్యాలయము సోమ్యూరున అంతర్భాగమైన సెయింట్ హిలేర్ సెయింట్ ఫ్లోరాన్ అను పేటకు చెందిన మెట్టమీద కలదు. 1026లో ఊరు తగులబడినపుడు గుట్టను విడిచిన సన్న్యాసులు క్రొత్త మఠము కట్టుకొన్న చోటు ఆ పేటయే. దుముకులు నేర్చు గుఱ్ఱములను, వానికన్న ఎక్కువ నేర్చుకొనవలసిన పడుచు రౌతులను గురువులు ఇప్పుడచ్చట తీర్చిదిద్దుచున్నారు.